వరుగు, ఎండుచేప: మారిషస్ తెలుగువారి ఆహారాన్ని చదవడంలో ఒక లోపం

ఉపోద్ఘాతం

ప్రవాసాంధ్రుల సంస్కృతిని గురించి తెలుగులో వెలువడే రచనలలో మారిషస్‌కు ప్రత్యేక స్థానం ఉంది. 1834లో మొదలైన ఒప్పంద కూలీల వలసలో భాగంగా కోరంగి, విశాఖపట్నం వంటి రేవుల నుంచి వెళ్ళినవారి సంతతి ఆ ద్వీపంలో ఇప్పటికీ తమను తెలుగువారుగానే చెప్పుకుంటోంది. 1947లో ఏర్పడిన మారిషస్ ఆంధ్ర మహాసభ, 1990లో అక్కడ జరిగిన మూడవ ప్రపంచ తెలుగు మహాసభలు, ప్రభుత్వ సెలవుదినమైన ఉగాది – ఈ మూడింటి ప్రస్తావన లేని వ్యాసం అరుదు. ఆ వరుసలోనే ఆహారం ప్రసక్తి కూడా వస్తుంది. అరటాకు మీద ఏడు కూరల భోజనాన్నీ, ఉగాది పచ్చడినీ పేర్కొని, ఇన్ని తరాల తరువాత కూడా మన రుచులు నిలిచి ఉన్నాయన్న సంతృప్తితో ఆ ప్రసక్తి ముగుస్తుంది.

ఈ ధోరణిలో అసత్యం లేదు, లోపం ఉంది. పండుగ విస్తరిని మాత్రమే తెలుగువారి ఆహారంగా లెక్కించి, మిగిలిన దినాలలో వారిని బతికించిన వంటను క్రియోల్ వంటగా, ఫ్రెంచి ప్రభావంగా, స్థానిక అలవాటుగా పక్కకు తప్పించడం ఆ లోపం. ఇది మారిషస్‌ను గురించి రాసేటప్పుడు మాత్రమే కలిగినది కాదు. ఇంటి దగ్గర తెలుగు ఆహారాన్ని చదివే పద్ధతిలోనే అది ఉంది. అందుచేత ఈ వ్యాసం మారిషస్ వంటను రెండింటితో పోల్చి పరిశీలిస్తుంది. ఒకటి, ఋతువులను అనుసరించిన వంటను వర్ణించిన ఆముక్తమాల్యద. రెండవది, నెల్లూరు జిల్లా బోగోలు మండలం తీరంలో ఎండుచేప. బోగోలు నుంచి మారిషస్‌కు వలస జరిగిందని ఇక్కడి ప్రతిపాదన కాదు. మారిషస్ తెలుగువారి మూలాలు ప్రధానంగా గోదావరి, విశాఖ మండలాలకు చెందినవి. అయితే నిల్వచేసిన చేపకు తెలుగు సంస్కృతి వివరణలో ఏ స్థానం దక్కుతున్నదో తెలుసుకోవడానికి బోగోలు వంటి తీరం చక్కని నిదర్శనం.

తూచి ఇచ్చిన తిండి

తెలుగు సాహిత్యంలో ఆహార ప్రస్తావన అనగానే పరిశోధకులకు స్ఫురించే ఘట్టాలు దాదాపు అన్నీ వడ్డనకు సంబంధించినవే. పాల్కురికి సోమన పండితారాధ్య చరిత్రలోని వంటకాల పట్టికలు, శ్రీనాథుని శృంగార నైషధంలో దమయంతి పెళ్ళివిందు, క్రీడాభిరామంలోని పూటకూటింటి భోజనం, అయ్యలరాజు నారాయణామాత్యుని హంసవింశతిలోని ఊరగాయల జాబితా – ఇవన్నీ పెట్టేవాడి సమృద్ధినో, తినేవాడి తృప్తినో చెబుతాయి. పూటకూటింటిలో అన్నం డబ్బుకు దొరుకుతుంది గనుక అది ఆతిథ్యం కాదు. అయినా అక్కడ తినేవాడికి ఎంపిక ఉంది, రుచిని మెచ్చుకునే తీరిక ఉంది.

ఒప్పంద కూలీ తిన్నది ఈ కోవకు చెందదు. అతనికి నెలకు 5 రూపాయల కూలితో పాటు బియ్యం, పప్పు, ఉప్పు, నూనె లేదా నెయ్యి, కొన్ని ఒప్పందాలలో ఎండుచేప, తూకం ప్రకారం ముట్టేవి. తెలుగులో దీనికి సరిపోయే పాతమాట భత్యం. భత్యంలో దినుసు ఉంటుంది గాని వంట ఉండదు. ఎంత ఇవ్వాలో కాగితం మీద ఉంటుంది, దానిని ఎలా తినాలన్నది తినేవాడి తంటా. పైగా ఒక రోజు పనికి రాకపోతే రెండు రోజుల కూలి కోసే పద్ధతి ఆ తోటలలో ఇరవయ్యవ శతాబ్దం తొలి దశకం దాకా చెల్లింది. తిండి, క్రమశిక్షణ, శిక్ష ఒకే లెక్కల పుస్తకంలో ఉన్న చోట వంటను రుచి ప్రమాణంతో మాత్రమే విమర్శించడం కుదరదు.

మరొక ముఖ్యమైన విషయం ఆ భత్యంలోని దినుసులకు, ద్వీపపు నేలకు ఉన్న సంబంధం, లేదా సంబంధం లేకపోవడం. మారిషస్ సాగుభూమిలో అత్యధిక భాగం చెరకుదే. వరి అక్కడ నామమాత్రం. అన్నం తినే ప్రజలు అన్నం పండని దీవిలో బతికారు. వారు పండించినది పంచదార, తిన్నది ఓడలో వచ్చిన బియ్యం. ఇక నేల నుంచి నేరుగా దొరికినవి ఇంటి చుట్టూ పెరిగే ఆకులు, కూరగాయలు, అంతకుముందే 18వ శతాబ్దంలో లాబుర్దొనే గవర్నరుగా ఉన్నప్పుడు బానిసల తిండి కోసం తెప్పించిన కర్రపెండలం. సముద్రం నుంచి దొరికినది చేప. మారిషస్‌కు ఈశాన్యంగా దూరాన ఉన్న సెయింట్ బ్రాండన్ దీవుల చేపల స్థావరాల నుంచి ఉప్పుచేప ద్వీపానికి సరఫరా అవుతూ వచ్చింది. టమాటా, ఉల్లి, అల్లం, వెల్లుల్లి, మిరపతో చేసే రుగాయ్ అనే కూరలో ఈ ఉప్పుచేపను వేస్తే అది రుగాయ్ ప్వాసో సలే. ఆ దేశపు సామాన్యుల ఇళ్ళలో ప్రసిద్ధమైన వంటలలో ఇది ఒకటి. తెలుగు వ్యాసాలలో దీని ఊసు సాధారణంగా కనిపించదు.

పేర్లలో తెలుగు దొరకదు

భాషాశాస్త్రం చదివిన పరిశోధకుడు మారిషస్ వంటలో తెలుగును వెతకాలంటే మొదట పదాల దగ్గరకే వెళతాడు. అక్కడ ఎదురయ్యేది నిరాశ. మారిషస్ క్రియోల్‌లో కొత్తిమీరను కొతోమిలి అంటారు, కరివేపాకును కరిపులే అంటారు. బీరకాయ పిపంగాయ్, మునగ మురుమ్, చారు రసోం. ఈ పదాలు తెలుగు రూపాల కన్నా కొత్తమల్లి, కరువేప్పిలై, పీర్క్కంగాయ్, మురుంగై, రసం అనే తమిళ రూపాలకు దగ్గరగా ఉండడం స్పష్టం. దీనికి చారిత్రక కారణం ఉంది. ఫ్రెంచివారి కాలంలో, 18వ శతాబ్దంలోనే, పుదుచ్చేరి నుంచి తమిళులు చేతివృత్తులవారుగా అక్కడికి చేరారు. తెలుగువారు వెళ్ళేనాటికి దక్షిణాది కూరగాయలకు, ఆకులకు ద్వీపంలో పేర్లు స్థిరపడిపోయాయి. తెలుగు కూలీ మునగాకు వండుకున్నాడు, దానిని మురుమ్ అని పిలవడం నేర్చుకున్నాడు.

ఆకుకూరలకు అక్కడి సామాన్యనామం బ్రేద్. ఇది పోర్చుగీసు నుంచి వచ్చిన మాట. మునగాకు, చేమాకు, కామంచి ఆకు, బెంగుళూరు వంకాయ తీగ చిగుళ్ళు, అన్నీ బ్రేద్‌లే. వీటిని నీళ్ళలో ఉల్లి, వెల్లుల్లితో పలుచగా కాచి అన్నంలోకి పోసుకుంటారు. దానిని బుయో బ్రేద్ అంటారు, ఫ్రెంచి మాట. పేరును పట్టి చూస్తే ఈ వంట ఐరోపాది. తినే పద్ధతిని పట్టి చూస్తే, అన్నంలోకి పలుచని ఆకు చారు, పక్కన కారంగా ఏదో ఒక నంజుడు, ఇది తెలుగు పల్లెలో పేదింటి రాత్రి భోజనం. పదవ్యుత్పత్తి మీదనే ఆధారపడిన విమర్శ ఇక్కడ దారి తప్పుతుంది.

దారి తప్పడానికి రెండవ వైపు కూడా ఉంది. పోలిక కనిపించిన ప్రతిదానినీ తెలుగు ఖాతాలో వేసుకోవడం అది. ధోల్‌పురిని చూసి, శనగపప్పును ఉడికించి పొడిచేసి పిండిలో పొదిగి ఒత్తే పనితనాన్ని బట్టి, అది బొబ్బట్టుకు ఉప్పు రూపమని చెప్పాలని ఎవరికైనా తోస్తుంది. కాని ధోల్‌పురి భోజ్‌పురీ కూలీలు తెచ్చిన దాల్‌పూరీకి వారసురాలు. పేరులోనూ, తయారీలోనూ ఆ సంబంధం తేటతెల్లం. ఈనాడు అది మారిషస్ వీధులలో కులమతాలకు అతీతంగా అమ్ముడుపోయే జాతీయ తినుబండారం. గాతో పిమా సంగతి మరొక రకం. నానబెట్టిన పప్పును కచ్చాపచ్చాగా రుబ్బి, మిరపకాయ, ఉల్లికాడ, కొత్తిమీర కలిపి నూనెలో వేయించే ఈ చిరుతిండి మన మసాలా వడకు చాలా దగ్గరగా ఉంటుంది. అయినా దక్షిణాది అంతటా ఉన్న వంటను తమిళులకో తెలుగువారికో ఒక్కరికే కట్టబెట్టడం న్యాయం కాదు. ఏడు కూరల భోజనం విషయంలోనూ ఇదే జాగ్రత్త అవసరం. సెత్ కారి అని పిలిచే ఆ విస్తరిని తెలుగు పెళ్ళిళ్ళలో ఎంత శ్రద్ధగా వడ్డిస్తారో తమిళుల కావడి పండుగలో అంత శ్రద్ధగానూ వడ్డిస్తారు. అది ఉమ్మడి ఆస్తి.

తెలుగు తన జాడను నిలుపుకున్న మాటలు వంటింటిలో కన్నా పూజలో ఎక్కువ. అమ్మోరు పండుగ, సింహాద్రి అప్పన్న పూజ, రామభజన అన్నవి ఆ పేర్లతోనే సాగుతున్నాయి. అమ్మోరు అన్న రూపం గమనించదగినది. అది గ్రంథాలలోని అమ్మవారు కాదు, కూలిజనం నోటిమాట. ఓడ ఎక్కినవారు ఏ తెలుగు మాట్లాడారో ఆ ఒక్క పదం చెబుతుంది. ఆ తెలుగు మాట్లాడినవారు ఇంటి దగ్గర ఏమి తిని ఉంటారన్న ప్రశ్నను మాత్రం ఏడు కూరల విస్తరి ముందు కూర్చున్న వ్యాసకర్తలు అడగలేదు.

ఋతువు మారిన విస్తరి

ఆముక్తమాల్యదలో విష్ణుచిత్తుడు అతిథులకు ఏ కాలంలో ఏమి పెట్టేవాడో శ్రీకృష్ణదేవరాయలు మూడు ఋతువులకు మూడు విధాలుగా చెప్పాడు. జడివానల రోజులలో కట్టెలు తడిసి మండవు గనుక కొబ్బరి పొరటెలతో పొయ్యి రాజేసి, వరి అన్నం, పప్పు, పోపు పెట్టిన నాలుగైదు కూరలు, వడియాలు, వరుగులు, పెరుగు. ఎండాకాలంలో గోరువెచ్చని అన్నం, తియ్యని చారు, పలుచని మజ్జిగ, చెరకు రసం, లేత కొబ్బరి నీళ్ళు. చలికాలంలో మిరియపు పొడి తగిలిన వేడి కూరలు, ఆవ ఘాటున్న పచ్చళ్ళు, కాగిన పాలు. ఈ ఘట్టాన్ని ఆతిథ్య ధర్మానికి ఉదాహరణగా బోధించడం తరగతి గదులలో పరిపాటి. వంటవైపు నుంచి చూస్తే ఇందులో ఉన్నది సరఫరా జ్ఞానం. వానలో కూరగాయ దొరకదు, కాబట్టి ఎండలో కోసి ఎండబెట్టిన వరుగు కావాలి. ఒక ఋతువు లోటును మరొక ఋతువు నిల్వతో పూడ్చుకోవడమే ఆ భోజనంలోని తెలివి.

మారిషస్‌లో ఈ తెలివికి ఎదురైన చిక్కు సామాన్యమైనది కాదు. ద్వీపం భూమధ్యరేఖకు దక్షిణాన సుమారు 20 డిగ్రీల అక్షాంశంలో ఉంది. చైత్రంలో ఉగాది వచ్చేసరికి అక్కడ వేసవి ముగిసి చల్లదనం మొదలవుతుంది. మామిడి కాపు సంవత్సరాంతంలో, కొత్త సంవత్సరం తొలి వారాలలో. చెరకు కోత జూన్ నుంచి డిసెంబరు దాకా. అంటే ఉగాది వసంతాగమనానికి గుర్తు కాదు, సంక్రాంతి ఇంటికి వచ్చిన పంటకు గుర్తు కాదు. మన వేపపువ్వు, కొత్త చింతపండు, పచ్చిమామిడి కలిసిన ఉగాది పచ్చడి ఇక్కడ ఆ వారంలో చెట్టు మీద ఉన్న వాటి కలయిక. అక్కడ అది పంచాంగాన్ని తలచుకుని చేసే వంట. ఈ మార్పును నష్టంగా చెప్పనవసరం లేదు, కాని దానిని గుర్తించకుండా సంప్రదాయం యథాతథంగా నిలిచిందని రాయడం పరిశోధన అనిపించుకోదు. పచ్చడి నిలిచింది. దానికి ఆధారమైన ఋతుసంబంధం నిలవలేదు.

అయితే ఆముక్తమాల్యదలోని ఋతుజ్ఞానం మారిషస్ తెలుగువారి వంటలో పూర్తిగా లోపించిందా? లేదు, అది మరొక గిన్నెలో ఉంది. నవంబరు నుంచి ఏప్రిల్ దాకా తుఫానులు కొట్టే ద్వీపంలో, తోట చితికిపోయి పడవ కదలని రోజులలో అన్నంలోకి ఆధారం ఇచ్చినది ఉప్పుచేప. ఆకులు మళ్ళీ చిగిర్చే దాకా గడవడానికి అది చాలింది. విష్ణుచిత్తుని ఇంట వానాకాలపు వరుగు చేసిన పనిని ద్వీపంలో ఎండుచేప చేసింది. వైష్ణవ గృహస్థుని వంటింటిలో దానికి చోటు లేకపోవడం సహజం. ఆ వంటింటినే తెలుగు వంటింటికి ప్రమాణంగా తీసుకున్న విమర్శలో కూడా చోటు లేకపోవడం మాత్రం సహజం కాదు.

బోగోలు తీరం నుంచి

బోగోలు మండలం పేరు చెబితే బిట్రగుంట రైల్వే కేంద్రమూ, కొండబిట్రగుంట ప్రసన్న వేంకటేశ్వరస్వామి బ్రహ్మోత్సవాలూ ముందుగా గుర్తుకు వస్తాయి. తూర్పున జువ్వలదిన్నె, అక్కడి చేపల రేవు. ఈ తీరపు సంవత్సరానికి రెండు గండాలున్నాయి. ఒకటి, ఏప్రిల్ 15 నుంచి జూన్ 14 వరకు 61 రోజుల పాటు మరపడవల వేటపై తూర్పు తీరమంతటా అమలయ్యే నిషేధం. రెండవది, నెల్లూరు ప్రాంతానికి వానలు తెచ్చే ఈశాన్య ఋతుపవన కాలం, వాయుగుండాలతో పడవలు ఒడ్డెక్కే అక్టోబరు, నవంబరు, డిసెంబరు నెలలు. మధ్యలో చేప దండిగా పడే రోజులలో మిగిలినదాన్ని ఎండబెట్టకపోతే ఈ గండాలు గడవవు. నెత్తళ్ళ వంటి చిన్నచేపలను ఉప్పు లేకుండానే ఇసుక మీదనో వలల మీదనో ఆరబోస్తారు. పెద్దచేపలను చీల్చి, కడిగి, పొరలు పొరలుగా ఉప్పు పట్టించి, ఆపైన ఎండకు వేస్తారు. మబ్బు పడితే సరుకు పురుగు పడుతుంది. ఎండబెట్టడంలోనూ, గంపలకెత్తి ఊళ్ళమీద అమ్మడంలోనూ ఎక్కువ పాలు ఆడవారిదే.

ఆముక్తమాల్యదకు వ్యాఖ్యానం రాసేవారు వరుగు తయారీని గురించి ఒక పేరా రాయడానికి వెనుకాడరు. ఈ ఎండుచేప తయారీలో అదే లెక్క, అదే ముందుచూపు ఉన్నాయి. అయినా అది ఇప్పటికీ మత్స్యశాఖ నివేదికల వస్తువే, సాహిత్య విమర్శ వస్తువు కాలేదు. ఇంతకన్నా సూక్ష్మమైన వివక్ష ఒకటి చేపలోనే ఉంది. నెల్లూరు చేపల పులుసు అన్న పేరు నేడు జిల్లా సరిహద్దులు దాటింది. హైదరాబాదు హోటళ్ళ బోర్డుల మీద అది ప్రాంతీయ గౌరవ చిహ్నం. పచ్చిమామిడి ముక్కలు వేసి చింతపండు పులుసులో ఉడికించి, మరునాటికి మరింత రుచెక్కే ఆ వంటలో వాడేది తాజాచేప. అదే పులుసును అదే చేతితో నెత్తళ్ళు, వంకాయ వేసి కాస్తే అది బోర్డు ఎక్కదు. అభ్యంతరం మాంసాహారం మీద కాదని దీనితో తేలుతుంది. అభ్యంతరం వాసన మీద, ఆ వాసన గుర్తుచేసే ఇళ్ళ మీద.

మారిషస్ వైపు తిరిగి చూస్తే ఈ రెండంచెల వడపోత అక్కడి విషయంలోనూ పనిచేసిందని అర్థమవుతుంది. మొదటి అంచె ఇక్కడి వ్యాసకర్తలది. తాము ఇంటి దగ్గర తెలుగుదనంగా గుర్తించని తిండిని వారు అక్కడ గుర్తించలేదు. రెండవ అంచె పంచుకోవడానికి సంబంధించినది. ఉప్పుచేప బానిసల సంతతి తిన్నది, బీహారు కూలీ తిన్నది, తమిళుడు తిన్నది, తెలుగువాడు తిన్నది. నలుగురిదీ అయినదానిని ఎవరి వారసత్వంగా చూపించాలి? సమాజాలు తమ గుర్తింపు కోసం సంఘాలు పెట్టుకుని, సెలవుదినాలు సాధించుకునే దేశంలో ఇతరుల నుంచి వేరుచేసి చూపే వంటకే విలువ. ఏడు కూరల విస్తరి కూడా తమిళులతో ఉమ్మడిదే అయినా, దానికి గుడి, పెళ్ళి, పౌరోహిత్యం అండగా ఉన్నాయి. ఉప్పుచేపకు పొయ్యి తప్ప మరొక అండ లేదు.

ఇతర భాషల సాహిత్యం ఈ విషయంలో కొంత ముందుంది. అభిమన్యు అనత్ హిందీ నవల లాల్ పసీనా 1977లోనే మారిషస్ చెరకు తోటల కూలీ జీవితాన్ని కథావస్తువుగా తీసుకుంది. అమితవ్ ఘోష్ ఆంగ్ల నవల సీ ఆఫ్ పాపీస్ 2008లో భోజ్‌పురీ ప్రాంతపు కూలీలను ఓడ దాకా, ఓడలోకి అనుసరించింది. ఈ రెండూ భోజ్‌పురీ కూలీల పక్షం నుంచి చెప్పినవి. కోరంగి నుంచి వెళ్ళిన కూలీని, ద్వీపంలో తోటివారు కొరింగీ అని పిలిచిన మనిషిని, అంత పేరుపొందిన తెలుగు నవలలో చూడగలమని చెప్పడం కష్టం. నవల లేని చోట వంట ఒక ఆధారంగా మిగులుతుంది. దానిని సరిగా చదవడం అందుకే అవసరం.

క్షేత్రపరిశోధన ప్రశ్నావళుల తీరు కూడా ఈ సందర్భంలో విమర్శించదగినది. ప్రవాసులను పండుగలకు ఏమి వండుతారు, పెళ్ళిలో ఏమి వడ్డిస్తారు అని అడిగితే వచ్చే సమాధానం ముందే తెలిసినది. తుఫాను హెచ్చరిక వచ్చిన రోజు ఇంట్లో ఏమి తెచ్చి పెట్టుకుంటారు, నెలాఖరులో ఏది వండుతారు, నాయనమ్మ వండినదానిలో ఇప్పుడు పిల్లలు వాసన అని ముక్కు మూసుకునేది ఏది – ఈ ప్రశ్నలకు వచ్చే సమాధానాలలో క్రియోల్ పేర్లే ఎక్కువ ఉండవచ్చు. రుగాయ్‌లో చింతపండు ఎవరి ఇంట పడుతుంది, ఎవరి ఇంట పడదు, ఉప్పుచేపను కడిగి వేయిస్తారా, పులుసులోనే ఉడికిస్తారా, అన్నంలోకా రొట్టెలోకా అన్న వివరాలను ఇంటింటికీ నమోదు చేస్తే, పేర్లు దాచిన భేదాలు అక్కడ బయటపడతాయి. ఇదే ప్రశ్నావళిని జువ్వలదిన్నెలో కూడా వాడవచ్చు. ఆ తీరంలో పట్టపువారు ఇంట తమిళానికి దగ్గరైన భాష మాట్లాడుతూ బయట తెలుగు మాట్లాడతారు. వారి ఇళ్ళలో చేపల పేర్లు ఏ భాషలో ఉన్నాయో, పులుసు ఏ తీరులో ఉందో కలిపి నమోదు చేసినప్పుడు, పదం ఒక భాషదై వంట మరొకరిదయ్యే స్థితి మారిషస్‌కే పరిమితమా కాదా అన్నది తేలుతుంది.